ఓటు వేరు, వకాల్తా వేరు

2012 జూన్ 12న నెల్లూరు జిల్లా జలదంకి ఓటరు ఒకే రోజు రెండు ఓట్లు వేశాడు. ఒకటి ఉదయగిరి అసెంబ్లీకి, ఇంకొకటి నెల్లూరు లోక్‌సభకు. రెండూ ఉప ఎన్నికలే. అంతకు పదహారు రోజుల ముందే, మే 27న, వైఎస్ఆర్ కాంగ్రెస్ అధ్యక్షుడు జగన్మోహన్‌రెడ్డిని అక్రమాస్తుల కేసులో సీబీఐ అరెస్టు చేసింది. పార్టీ అధినేత చంచల్‌గూడ జైల్లో ఉంటే తల్లి విజయమ్మ ఊరూరా తిరిగి ఓట్లడిగారు. పెట్టెలు తెరిచేసరికి ఎంపీగా మేకపాటి రాజమోహన్‌రెడ్డి సుమారు 2.9 లక్షల ఆధిక్యంతో గెలిచారు, ఎమ్మెల్యేగా ఆయన తమ్ముడు చంద్రశేఖర్‌రెడ్డి గెలిచారు. రాష్ట్రంలో ఉప ఎన్నిక జరిగిన 18 అసెంబ్లీ స్థానాల్లో 15 ఆ పార్టీవే. ప్రజాకోర్టు తీర్పు చెప్పేసిందన్నారు గెలిచినవాళ్లు. జనం సానుభూతితో మోసపోయారన్నారు ఓడినవాళ్లు. పదకొండేళ్లు గడిచాయి. 2023 సెప్టెంబర్ 9న నంద్యాలలో తెలుగుదేశం అధినేత చంద్రబాబునాయుడిని స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో సీఐడీ అరెస్టు చేసింది. యాభై రోజులకు పైగా ఆయన రాజమహేంద్రవరం జైల్లో ఉన్నారు. 2024 ఎన్నికల్లో ఆయన కూటమికి 175లో 164 సీట్లు వచ్చాయి. ప్రజాకోర్టు మాటను ఈసారి అటువాళ్లు అందుకున్నారు. జనం మోసపోయారన్న మాట ఇటువాళ్లకు మిగిలింది. మాటలు అవే, పలికే నోళ్లే మారాయి.

ఈ వాదనలో ఒక తప్పు లెక్క ఉంది. అది రెండు పక్షాలదీ. ఓటును తీర్పుగా, ఓటరును జడ్జీగా చూడడమే ఆ తప్పు. నెల్లూరు జిల్లా లెక్కలే దీనికి సాక్ష్యం. 2019లో ఉమ్మడి జిల్లాలోని పది అసెంబ్లీ స్థానాలూ వైసీపీ గెలుచుకుంది. 2024లో అవే పదీ తెలుగుదేశం గెలుచుకుంది. ఓటంటే నిర్దోషి అని ఇచ్చే ధ్రువపత్రమే అయితే, ఇదే జనం ఐదేళ్ల తేడాలో ఇద్దరు నాయకులనూ నిర్దోషులన్నారు, ఇద్దరినీ దోషులన్నారు. అలాంటి తీర్పుకు అర్థమే లేదు. నిజానికి ఓటరు అలాంటి తీర్పేదీ ఇవ్వలేదు. సోమశిల నీళ్లు ఎవరి హయాంలో కాలవకు వచ్చాయి, పింఛను ఎవరు పెంచారు, పిల్లవాడి ఫీజు ఎవరు కట్టారు, ఇంటికి ఎవరు అడ్డం పడ్డారు, అభ్యర్థి ఫోనెత్తుతాడా ఎత్తడా, ఇలాంటివన్నీ కలేసుకుని, ఉన్నవాళ్లలో ఒకరిని ఎంచుకున్నాడు. అంతవరకే. కేసులో సాక్ష్యాలేమిటి, డబ్బు ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి పోయింది అన్నవి బ్యాలెట్ మీద లేవు. కాబట్టి ఒక నాయకుడికి ఓటేసినవాడు ఆ నాయకుడి తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సిన పని లేదు. అటు ఓటేసిన పక్కింటివాడు అవినీతికి వంత పాడినట్టూ కాదు.

ఇది కొత్తగా పుట్టిన మాట కాదు. ఉదయగిరి నియోజకవర్గం చరిత్రలోనే ఉంది. ఎమర్జెన్సీ తర్వాత ఉత్తర భారతమంతా ఇందిరాగాంధీని తిరస్కరిస్తే, 1977లో ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మరుసటి ఏడు అసెంబ్లీ ఎన్నికల్లోనూ ఆమె పార్టీదే గెలుపు. అదే 1978లో ఉదయగిరి మాత్రం ఎమర్జెన్సీలో జైలుకెళ్లొచ్చిన యువకుడు వెంకయ్యనాయుడిని జనతా పార్టీ తరఫున గెలిపించింది. 1983లో ఎన్టీఆర్ గాలికి తెలుగుదేశం రెండొందలకు పైగా సీట్లు ఊడ్చుకుపోయినప్పుడు కూడా ఉదయగిరి, అప్పటికి బీజేపీలో ఉన్న వెంకయ్యనాయుడి వెంటే నిలిచింది. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద బీజేపీకి దక్కినవి మూడే సీట్లు. మరి 1978లో ఇందిరకు ఓటేసిన రాష్ట్రమంతా ఎమర్జెన్సీని మెచ్చుకుందా? ఉదయగిరి ఒక్కటే ప్రజాస్వామ్యాన్ని కాపాడిందా? రెండూ అతిశయోక్తులే. ఎమర్జెన్సీ దెబ్బ ఉత్తరాదికి తగిలినంతగా ఇక్కడ తగల్లేదని, భూమి పట్టాలు, ఇళ్ల స్థలాలు పొందినవాళ్లు ఆమెను తమ మనిషి అనుకున్నారని చాలామంది రాశారు. ఉదయగిరి మెట్టకు వెంకయ్యనాయుడి గొంతు నచ్చింది. దేని కారణం దానిది. ఒకరి ఓటు ఇంకొకరి నీతికి కొలబద్ద కాలేదు.

నాయకుల సంగతి చూస్తే వకాల్తా ఎంత పనికిమాలిన శ్రమో ఇంకా బాగా తెలుస్తుంది. మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి కాంగ్రెస్ ఎమ్మెల్యేగా ఉండి, 2011 చివర్లో సొంత ప్రభుత్వం మీద అవిశ్వాసానికి ఓటేసి సభ్యత్వం పోగొట్టుకున్నారు. అందుకే 2012 ఉప ఎన్నిక వచ్చింది. 2023 మార్చి ఎమ్మెల్సీ ఎన్నికలో క్రాస్ ఓటింగ్ చేశారని వైసీపీ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఆయనతో పాటు సస్పెండైన ఆనం రామనారాయణరెడ్డి 2019లో వెంకటగిరిలో వైసీపీ ఎమ్మెల్యే, 2024లో ఆత్మకూరులో తెలుగుదేశం ఎమ్మెల్యే, ఇప్పుడు మంత్రి. 2024 ఫిబ్రవరి చివర్లో స్పీకర్ ఎనిమిది మందిపై ఒకేసారి అనర్హత వేటు వేశారు. నలుగురు వైసీపీ నుంచి అటు వెళ్లినవాళ్లు, నలుగురు తెలుగుదేశం నుంచి ఇటు వచ్చినవాళ్లు. ఈ ఎనిమిది మందిలో నాలుగు ద్రోహాలు, నాలుగు ఆత్మప్రబోధాలు ఉన్నాయని రెండు పార్టీల కార్యకర్తలూ ఒప్పుకుంటారు. ఏ నలుగురివి ఏవన్న దగ్గరే తగాదా. 2022లో వైసీపీ ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్‌రెడ్డి మరణంతో ఆత్మకూరుకు ఉప ఎన్నిక వస్తే తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. మంచి మర్యాదే, తప్పు పట్టడానికేమీ లేదు. పైన పార్టీల మధ్య ఉన్న ఆ మర్యాద కింద ఊళ్లో ఇద్దరు రైతుల మధ్య ఎందుకు లేదన్నదే అడగాల్సిన మాట.

టీ అంగడి దగ్గర ఈ తగాదా ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. ఒకరు ఆరోపణ తెస్తారు. జవాబుగా 'మీవాడు చేయలేదా' అన్న ఎదురు ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు ఎంత ఆవేశమున్నా అది జవాబు కాదు. అటువైపు తప్పు జరిగిందని రుజువైనా ఇటువైపు తప్పు ఒప్పు కాదు, మహా అయితే తప్పులు రెండవుతాయి. ఇంత స్పష్టమైన సంగతి తెలివిగలవాళ్లకూ కనపడకపోవడానికి కారణం, వాళ్లు చర్చలో ఉన్నామనుకోవడం లేదు, కోర్టులో డిఫెన్స్ లాయర్లుగా నిలబడ్డామనుకుంటున్నారు. అసలు కోర్టులో ఏం జరిగిందో చూడండి. చంద్రబాబు కేసులో గవర్నర్ ముందస్తు అనుమతి లేకుండా దర్యాప్తు చెల్లుతుందా అన్న ఒక్క ప్రశ్న మీద 2024 జనవరి 16న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. ఫైళ్లన్నీ ముందు పెట్టుకుని, రెండు పక్షాల పెద్ద లాయర్ల వాదనలూ విని, దేశంలో అత్యున్నత న్యాయస్థానం తేల్చుకోలేని ముడిని, ఫోన్లో వచ్చిన వీడియో చూసినవాడు ఒక్క గుక్క టీ తాగేలోపు తేల్చేస్తున్నాడు. చదువు దీనికి విరుగుడు అనుకుంటే పొరపాటు. చంద్రబాబు అరెస్టు మీద హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు వీధుల్లోకి వచ్చారు, అమెరికాలో తెలుగువాళ్లు ప్రదర్శనలు చేశారు. అక్కడ వాళ్లు స్థిరపడ్డ దేశంలోనూ 2024 మే నెలలో 34 అభియోగాల్లో దోషిగా తేలిన ట్రంప్ నవంబర్‌లో అధ్యక్షుడిగా గెలిచారు. అక్కడి మిత్రులూ ఈ విషయంలో మన జలదంకివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ పోట్లాడుకోవడం లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. పట్నంలో కూర్చుని ఓటు వేరు, వకాల్తా వేరు అని చెప్పడం తేలిక, ఊళ్లో పార్టీ అంటే బతుకుతెరువు అంటారు. నిజమే. 2014 తర్వాత తెలుగుదేశం ప్రభుత్వం వేసిన జన్మభూమి కమిటీలు పింఛన్ల జాబితాల్లో వేలు పెట్టాయి. పార్టీ చూసి పేర్లు రాశారన్న ఫిర్యాదు ఆ ప్రభుత్వాన్ని చివరిదాకా వదల్లేదు. 2019లో వైసీపీ ప్రభుత్వం వాటిని తీసేసి గ్రామ వలంటీర్లను పెట్టింది. గడప దగ్గరికి పింఛను రావడం ముసలివాళ్లకు పెద్ద ఊరట, కాదనలేం. కానీ ఆ వలంటీరు పార్టీ మనిషేనన్న మాట అంతకంతకూ బలపడి, 2024 మార్చి చివర్లో పింఛన్ల పంపిణీ నుంచి వాళ్లను దూరంగా ఉంచమని ఎన్నికల సంఘమే చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వం మారితే రేషన్ డీలరు, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె కూడా మారాలన్నది రాష్ట్రంలో ఇంచుమించు అలిఖిత చట్టమైపోయింది. చేసిన పనికి బిల్లు రావాలన్నా అదే తంతు. ఇలాంటి చోట నాయకుడిని సమర్థించడం అభిప్రాయం కాదు, కూలి డబ్బులకు కాపలా. నాయకుడు జైలుకెళ్తే తన రేషన్ షాపు పోతుందన్న భయం ఉన్నవాడు కేసులో నిజానిజాలు చల్లగా మాట్లాడాలని కోరడం అన్యాయమే.

ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ అది నా వాదనను కొట్టేయదు, ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్తుంది. కోపం నిజంగా పుట్టేది నాయకుడి నిజాయితీ గురించి కాకపోతే, పింఛను, షాపు, బిల్లు గురించి అయితే, వాదన కూడా అక్కడే జరగాలి. అర్హత ఉన్నవాడికి పార్టీ చూడకుండా అందాలి అని తెలుగుదేశం కార్యకర్త ఇవాళ తన ఎమ్మెల్యేని అడగగలిగితే, రేపు ప్రభుత్వం మారినప్పుడు అతనే దాని వల్ల బాగుపడతాడు. 2019లో గెలిచిన వైసీపీ కార్యకర్త ఈ ప్రశ్న వేయలేదు, 2024 తర్వాత ఫలితం అనుభవించాడు. జిల్లాలో పదికి పది సీట్లు ఐదేళ్లలో పూర్తిగా తారుమారవడం చూసిన తర్వాత కూడా, గెలుపు మనదే, శాశ్వతంగా మనదే అనుకునేవాడికి ఏం చెప్పాలి! సొంత నాయకుడికి వకాల్తా పుచ్చుకున్నవాడు ఈ ప్రశ్న అడగలేడు. ప్రశ్న అడిగిన మరుక్షణం అవతలివాళ్ల మనిషివన్న ముద్ర పడుతుంది. మెట్టకు నీళ్లిచ్చే సోమశిల హైలెవల్ కాలువ ఏళ్లుగా మాటల్లోనే ఎందుకు పారుతోందో అడగాలన్నా ఇదే ఇబ్బంది. సంగం బ్యారేజీ రాజశేఖరరెడ్డి కాలంలో మొదలై, ముగ్గురు ముఖ్యమంత్రులను దాటి, 2022 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది. ఎవరి ఘనత ఎంత శాతం అని మనవాళ్లు ఇప్పటికీ లెక్కలేసుకుంటున్నారు గానీ, అంతకాలం ఎందుకు పట్టిందని రెండు పక్షాలూ కలిసి అడిగిన సందర్భం లేదు.

ఇంకో వాదన ఉంది. కేసులన్నీ కక్షతో పెట్టినవే, అందుకే మా నాయకుడి పక్కన నిలబడక తప్పదు అని. కక్ష ఉండొచ్చు, లేకపోవచ్చు. జగన్ మీద 2011లో కేసు హైకోర్టు ఆదేశంతో నమోదైంది, కానీ ఆ కోర్టు మెట్లెక్కినవాళ్లు కాంగ్రెస్ మంత్రి శంకర్రావు, తెలుగుదేశం నేత ఎర్రన్నాయుడు. చంద్రబాబును అరెస్టు చేసిన సీఐడీ అప్పటి జగన్ ప్రభుత్వం కిందే పనిచేసింది. ప్రత్యర్థి చెయ్యి రెండు చోట్లా కనిపిస్తూనే ఉంది, అంతమాత్రాన లోపల నేరం లేదని కాదు, ఉందనీ కాదు. దాన్ని తేల్చే పద్ధతి ఒక్కటే, విచారణ. కక్ష అని నిజంగా నమ్మేవాడు అందరికంటే ముందు త్వరగా విచారించమని అడగాలి, ఎందుకంటే అబద్ధపు కేసు ఎంత త్వరగా వీగిపోతే అతని నాయకుడికి అంత మేలు. చిత్రంగా అలా అడిగే అభిమాని ఎక్కడా కనపడడు. బెయిల్ వస్తే బాణాసంచా కాలుస్తారు. వాయిదా పడితే ఊపిరి పీల్చుకుంటారు. ప్రజాప్రతినిధుల మీద క్రిమినల్ కేసులు త్వరగా తేలేలా హైకోర్టులే పర్యవేక్షించాలని 2023 నవంబర్ 9న సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో ఒక్క పార్టీ కూడా దాన్ని ఎన్నికల వాగ్దానంగా మార్చుకున్నట్టు కనపడదు.

కాబట్టి జలదంకిలో, ఆత్మకూరులో, ఇంకెక్కడైనా ఈ వాదన మళ్లీ మొదలైతే రెండు పక్షాలవాళ్లకూ ఒక మనవి. మీ నాయకుడి మీదున్న కేసు ఏడాదిలో తేలాలని మీరు, వాళ్ల నాయకుడి మీదున్న కేసు ఏడాదిలో తేలాలని వాళ్లు, ఒకే కాగితం మీద సంతకం పెట్టి మీ ఎంపీకి, మీ ఎమ్మెల్యేకి ఇవ్వండి. రెండో కాగితం మీద ప్రభుత్వం మారినా మారని పింఛను జాబితా కావాలని రాయండి. ఓటు మాత్రం ఎవరికి నచ్చినట్టు వాళ్లు వేసుకోండి. జగన్ మీద సీబీఐ తొలి అభియోగపత్రం వేసింది 2012లో. నెల్లూరు ఓటరు ఆ తర్వాత ఎంపీని ఎన్నుకోవడానికి నాలుగుసార్లు వరుసలో నిలబడ్డాడు. పన్నెండేళ్లు దాటినా ఆ కేసుల్లో విచారణ కోర్టు తీర్పు దాకా రాలేదు.