ఆరోగ్య శీర్షిక: తలనొప్పికి ఏ డాక్టరు?

తలనొప్పి అనగానే మన తెలుగువారికి అమృతాంజనం గుర్తుకొస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ మందు దోహా వచ్చేటప్పుడు కూడా మన పెట్టెలో ఉంటుంది. దాని పక్కనే నొప్పి మాత్రల అట్టలు. ఈ నెల మా మాట ముఖ్యంగా ఆ మాత్రల గురించే.

మాలో ఒకరికి రోజూ సాయంత్రానికి తలనొప్పి వచ్చేది. కళ్ళజోడు మార్చారు, తగ్గలేదు. సైనస్ అనుకుని ముక్కు డాక్టరును చూశారు, అక్కడా ఏమీ తేలలేదు. చివరకు హెల్త్ సెంటరు డాక్టరుగారు ఒకటే అడిగారు: "నెలకు ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటారు?" లెక్క చూస్తే ఇరవై దాటింది. పారాసెటమాల్ వంటివి నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు మించితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుందట! డాక్టరు సలహాపై మానాక మొదట నొప్పి ఎక్కువైంది, తర్వాత క్రమంగా తగ్గింది.

ప్రైవేటు క్లినిక్కులో ఏ స్పెషలిస్టునైనా నేరుగా చూడవచ్చు గనుక, రోగమేదో మనమే తేల్చుకుని వెళ్తాం. అది పొరపాటు. ముందుగా ఫ్యామిలీ డాక్టరును చూడండి, బి.పి. చూపించుకోండి. ఆపై వారే చెబుతారు:

ఒకపక్క పోటు, వాంతి, వెలుతురు పడకపోవడం మైగ్రేన్ లక్షణాలు. మందులకు లొంగకపోతే న్యూరాలజిస్టు.

చదివితే నొప్పి వస్తే కంటి డాక్టరు. కన్ను ఎర్రబడి, నొప్పితో చూపు మసకబారితే ఆ రోజే వెళ్ళాలి.

జ్వరం, చిక్కటి చీమిడి, ముఖంలో నొప్పి ఉంటే ఇ.ఎన్.టి.

యాభై దాటాక కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి వస్తే ఆలస్యం చేయరాదు. చూపు పోయే ప్రమాదం ఉంది.

ఎండలో సైటు పని చేసేవారు నీళ్ళు మరువకండి. రంజాన్ ఉపవాసముండేవారు కాఫీ, టీలను ముందునుంచే తగ్గించుకుంటే మేలు.

పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, ఫిట్స్, తలకు దెబ్బ తగిలాక మత్తుగా ఉండడం, వీటిలో ఏది కనిపించినా స్పెషలిస్టు కోసం వెతకవద్దు. వెంటనే 999కి ఫోన్ చేయండి. నిండు గర్భిణికి తలనొప్పితో చూపు మసకబారినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

చివరిగా ఒక మనవి. కొడీన్, ట్రామడాల్ ఉన్న మాత్రలపై ఖతార్‌లో కట్టుదిట్టమైన నియంత్రణ ఉంది. ఊరినుంచి వచ్చేవారితో ఏవో మాత్రలు తెప్పించుకుని వారిని చిక్కుల్లో పెట్టకండి. అంతకంటే ఒక క్యాలెండరు మీద నొప్పి వచ్చిన రోజు, మాత్ర వేసుకున్న రోజు గుర్తు పెట్టండి. డాక్టరుకు అదే మంచి ఆధారం.