భయానికీ ఒక కొలత ఉండాలి

మా పేటలోని ఒక సోదరుని కుమార్తెకు గత ఏడాది ఉత్తరాదిలోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సీటు వచ్చింది. దరఖాస్తు నింపడంలో, ధ్రువపత్రాలు సమకూర్చడంలో నేనూ కొంత సాయపడ్డాను. చేరవలసిన గడువుకు నాలుగు రోజుల ముందు, ఇషా నమాజు ముగిశాక తండ్రి నా దగ్గరకు వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించాడు. రైలు పెట్టెలో ఒక గడ్డం మనిషిని నలుగురు చుట్టుముట్టి కొడుతున్నారు. "సాహెబ్, మీ అమ్మాయే అయితే పంపుతారా?" అని అడిగాడు. నేను సూటిగా జవాబు చెప్పలేదు. "మీ ఇంటి సంగతి, మీరే ఆలోచించుకోండి" అని తప్పించుకున్నాను. గడువు దాటిపోయింది. అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ తరువాత రెండు నెలలకు అదే కుటుంబం దూరపు ఊరిలో పెళ్ళికి వెళ్ళింది. ఏడుగురు కూర్చునే బండిలో పదకొండు మంది. పగలంతా వేరే కిరాయి తిప్పి వచ్చిన డ్రైవరు. రాత్రంతా జాతీయ రహదారి మీద ప్రయాణం. అల్‌హమ్దులిల్లాహ్, అందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. అయితే ఆ ప్రయాణం సురక్షితమేనా అని బయలుదేరేముందు ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒక్క 2022 సంవత్సరంలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ లెక్క. ఆ సంఖ్య మనల్ని భయపెట్టదు. ఒక నిమిషం వీడియో మాత్రం ఒక ఆడపిల్ల చదువును ఆపగలిగింది.

ఇంతమాత్రాన ఆ తండ్రి భయం ఉత్తదని అనడం అన్యాయం. 2017 జూన్‌లో ఈద్ కోసం ఢిల్లీలో బట్టలు కొనుక్కుని రైలులో ఇంటికి తిరిగి వస్తున్న పదహారేళ్ళ బాలుణ్ణి హర్యానాలో కత్తులతో పొడిచి చంపారు. 2023 జూలై 31న జైపూర్ నుంచి ముంబై వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రైలులో, ప్రయాణికులను కాపాడవలసిన రైల్వే రక్షణ దళం కానిస్టేబులే తన పై అధికారినీ, ముగ్గురు ముస్లిం ప్రయాణికులనూ కాల్చి చంపాడు. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాదు వాసి. 2024 ఆగస్టులో మహారాష్ట్రలో కూతురి ఇంటికి వెళుతున్న ఒక వృద్ధుని డబ్బాలో మాంసం ఉందని రైలులోనే కొట్టి అవమానించారు. ఇవన్నీ జరిగిన సంగతులు. రోడ్డు ప్రమాదానికీ వీటికీ ఒక తేడా ఉంది. ప్రమాదం ఎవరి పేరూ అడగదు. ద్వేషం పేరు అడిగి మరీ చేయి ఎత్తుతుంది. అందుకే లెక్కల్లో చిన్నదైనా అది మనసులో పెద్దదిగా నిలుస్తుంది. ఒక్కరికి తగిలిన దెబ్బ ఆ పేరు గల వారందరికీ తగులుతుంది.

మరి ఈ భయాన్ని ఎలా కొలవాలి? మన ధర్మశాస్త్ర పండితులు ఈ ప్రశ్నను శతాబ్దాల క్రితమే చర్చించారు. స్తోమత గలవారికే హజ్ విధి. ఆ స్తోమతలో డబ్బు, ఆరోగ్యంతో పాటు దారి భద్రతను కూడా వారు చేర్చారు. అయితే దారిలో ఎన్నడూ ఏ అపాయమూ జరగకూడదని వారు షరతు పెట్టలేదు. ఆ దారిన వెళ్ళేవారిలో ఎక్కువమంది క్షేమంగా చేరుతున్నారా అన్నదే హనఫీ పండితుల కొలత. ఒక ఓడ మునిగినంత మాత్రాన సముద్రమే మూసుకుపోయినట్లు కాదని దీని భావం.

ఆ కొలతను వక్రంగా వాడినవారూ ఉన్నారు. అక్బరు కాలంలో మఖ్దూముల్ముల్క్ బిరుదు పొందిన ముల్లా అబ్దుల్లా సుల్తాన్‌పురి, హిందుస్తాన్ ముస్లింలకు హజ్ విధి కాదని తీర్పు చెప్పాడని చరిత్రకారుడు బదాయునీ రాశాడు. భూమార్గం షియాల ఏలుబడిలోని ఇరాన్ గుండా పోతుంది. సముద్ర మార్గంలో మర్యమ్, ఈసాల బొమ్మలున్న పోర్చుగీసు అనుమతి పత్రాలు తీసుకోవాలి. కనుక రెండు దారులూ తగవు అన్నది ఆయన వాదన. ప్రాణాపాయం ఎంతో విచారించడం మాని, ఎదుటివారి మీది విముఖతనే అపాయంగా లెక్కించిన తీర్పు ఇది. చివరకు 1579లో అదే ముల్లాను అక్బరు మక్కాకు పంపించాడు. మూసుకుపోయిందన్న దారిలోనే ఆయన ప్రయాణించాడు.

దీనికి భిన్నమైన ఆదర్శం హజ్రత్ ఉమర్ (రజి) ది. ఆయన షామ్ దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరగానే, ముందు ప్లేగు వ్యాపించి ఉందని కబురు అందింది. ఆయన ముహాజిర్లను పిలిచి అడిగారు, అన్సార్లను పిలిచి అడిగారు. వారిలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఖురైషు పెద్దలను అడిగితే అందరూ ఒక్క మాటగా వెనుదిరగమన్నారు. ఆయన వెనుదిరిగారు. విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నిస్తే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళుతున్నానని జవాబు చెప్పారు. ఖలీఫా అంతటివారు వెనక్కి తగ్గడానికి సిగ్గుపడలేదు. అయితే కబురు విన్న వెంటనే గుర్రం తిప్పనూ లేదు. విచారించి, తెలిసినవారిని సంప్రదించి, ఆ తరువాత నిర్ణయించారు.

మనం మాత్రం రెండు విధాలా తప్పుతున్నాం. ఒకచోట అతిగా భయపడుతున్నాం, మరొకచోట అస్సలు భయపడడం లేదు. 2024 హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది అధికారిక అనుమతి లేకుండా వెళ్ళినవారే. గుడారం లేదు, బస్సు లేదు. మస్జిదుల్ హరామ్ వద్ద 51.8 డిగ్రీలు నమోదైన ఎండలో మైళ్ళకొద్దీ నడిచారు. 2025 నవంబరులో మక్కా నుంచి మదీనాకు వెళుతున్న బస్సు డీజిల్ ట్యాంకరును ఢీకొని కాలిపోయినప్పుడు హైదరాబాదుకు చెందిన నలభై మందికి పైగా ఉమ్రా యాత్రికులు మరణించారు. అల్లాహ్ వారిని మన్నించుగాక. పుణ్యక్షేత్రానికి వెళ్ళేవారు కూడా బండి ఏది, డ్రైవరు ఎవరు, అనుమతి ఉందా, బీమా ఉందా అని అడగాలి. ఏజెంటును ప్రశ్నించడం విశ్వాసలోపం కాదు.

ఇంకొక మాట. భయపడేవారమే కాదు, భయానికి గురిచేసేవారిగా ముద్రపడిన వారమూ మనమే. హైదరాబాదు పాతబస్తీ అంటే నేటికీ జంకేవారు ఉన్నారు. రంజాన్ రాత్రుల్లో హలీం కోసం, లాడ్ బజారు గాజుల కోసం వేలాదిమంది అన్ని మతాలవారూ అక్కడికి వచ్చి నిశ్చింతగా ఇళ్ళకు వెళుతున్నారు. అయినా ఆ ముద్ర పోలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు పొట్టన పెట్టుకున్నారు. మృతుల్లో గుర్రం నడుపుకుని బతికే స్థానిక ముస్లిం ఒకరు. ఆ తరువాత ఇతర రాష్ట్రాల్లో చదువుకుంటున్న కశ్మీరీ విద్యార్థులు బెదిరింపులు ఎదుర్కొన్నారు. ఊరినంతా, జాతినంతా ఒక ఘటనతో తూచడం ఎంత అన్యాయమో అనుభవించిన మనం, ఉత్తరాది అంతా ఇంతే అని ఒక్క మాటతో కొట్టిపారేయకూడదు.

ఆ రాత్రి ఆ తండ్రిని నేను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ వీడియో ఎప్పటిది, ఏ ఊరిది? ఆ విశ్వవిద్యాలయంలో మన జిల్లా పిల్లలు ఎవరైనా ఉన్నారా, వారితో మాట్లాడారా? రైలు అక్కడికి పగలు చేరుతుందా, అర్ధరాత్రి చేరుతుందా? మొదటిసారి వెంట ఎవరు వెళుతున్నారు? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకున్నాక పంపకూడదని నిర్ణయించుకుంటే అది వివేకం. అడగకుండానే మానుకుంటే అది నష్టం.

ప్రయాణికుడు జాగ్రత్తపడాలి, నిజమే. కానీ భద్రత భారమంతా అతని మీదే మోపరాదు. టోపీ తీసి సంచిలో పెట్టుకో, ఫోనులో సలాం గట్టిగా చెప్పకు అని నేడు తల్లులు బిడ్డలకు చెబుతున్నారు. ఆ తల్లులను తప్పుపట్టలేను. వారి నోట ఆ మాట పలికించిన పరిస్థితిని మార్చవలసింది ప్రభుత్వం. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును రాజ్యాంగం 19(1)(డి) అధికరణలో పౌరులందరికీ ఇచ్చింది. మూకదాడులను అరికట్టడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించాలని 2018 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన జిల్లాలో ఆ అధికారి ఎవరో ఎంతమందికి తెలుసు? సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయల రుసుము చాలు. ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి యువజన సంఘం ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబును నోటీసు బోర్డు మీద పెట్టాలి. రైలులో ఆపద వస్తే 139, ఎక్కడైనా 112. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత చెబుతోంది. ఇవి ఇంట్లో ఆడపిల్లలకు కూడా కంఠస్థం కావాలి.

వీటితో పాటు ప్రతి పట్టణంలో బయటి రాష్ట్రాల్లో చదువుతున్న, పనిచేస్తున్న మనవారి వివరాలతో ఒక పుస్తకం ఉంచితే, కొత్తగా వెళ్ళేవారికి అక్కడ పలకరించే మనిషి దొరుకుతాడు. మా పేటలో ఆ పుస్తకం మొదలుపెట్టాం. మొదటి పేజీలో ఆ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇద్దరు అమ్మాయిల వివరాలు ఉన్నాయి. ఆ తండ్రి వారితో మాట్లాడాడు. ఈ ఏడాది దరఖాస్తు మళ్ళీ నింపుతున్నాం. ఈసారి అతను అదే ప్రశ్న అడిగితే, తప్పించుకోకుండా అతనితో కూర్చుని ఆలోచిస్తాను, ఇన్షా అల్లాహ్.