చేతులు వలకు, కాళ్లు పడవకు

విద్యార్థులారా! మన పల్నాడుకు ఉత్తరాన కృష్ణ పారుతుంది. విజయపురి సౌత్ దగ్గర సాగర్ జలాశయం, దిగువన పులిచింతల జలాశయం ఉన్నాయి. ఆ నీళ్లలో పుట్టిమీద చేపలు పట్టేవారిని మీలో కొందరైనా చూసే ఉంటారు. ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు వల విడుస్తారు. ఒంటరిగా వెళ్లినవారి పాట్లు వేరు. తెడ్డు పట్టుకుంటే వల ఆగుతుంది. వల పట్టుకుంటే పుట్టి గాలివాటున పోతుంది. చేతులకు అంత పని ఉంటే, వాటికన్నా బలమైన కాళ్లు మాత్రం ముడుచుకుని కూర్చుంటాయి!

ఆ కాళ్లకు పని చెప్పే సాధనం మన బడుల్లోనే తయారు కావాలని నా అభిప్రాయం.

ఈ ఆలోచన కొత్తది కాదు. మయన్మార్‌లోని ఇన్లే సరస్సులో జాలరులు పడవ కొసన ఒంటికాలిమీద నిలబడి, రెండో కాలిని తెడ్డుకు మెలివేసి నడుపుతారు. 1997లో అమెరికాలోని హోబీ కంపెనీ చిన్న పడవలకు కాలి పెడళ్లు అమర్చింది. వాటిని తొక్కితే పడవ అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ రెక్కల్లా అటూ ఇటూ ఊగుతాయి.

రెక్క ఊగితే పడవ ముందుకెలా పోతుంది? రెక్క ముందంచు గట్టిది, వెనకంచు మెత్తనిది. పక్కకు ఊపినప్పుడు వెనకంచు వెనుకబడి రెక్క ఏటవాలవుతుంది. అది నీటిని వెనక్కి నెడుతుంది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం నీరు పడవను ముందుకు నెడుతుంది. చేప తోక చేసే పని కూడా ఇదే.

ఇక్కడ ఒక లెక్క చూడండి. నిశ్చలంగా ఉన్న నీటిని సెకనుకు 10 కిలోల చొప్పున 4 మీటర్ల వేగంతో నెడితే 40 న్యూటన్ల బలం వస్తుంది. నీటికిచ్చే సామర్థ్యం 80 వాట్లు. అదే 40 కిలోల నీటిని 1 మీటరు వేగంతో నెడితే బలం అంతే, సామర్థ్యం మాత్రం 20 వాట్లే! మనిషి గంటల తరబడి ఇవ్వగలిగింది సుమారు 75 వాట్లు. కనుక ఎక్కువ నీటిని నెమ్మదిగా నెట్టే వెడల్పాటి రెక్క మేలు.

పెడలుకు ప్రొపెల్లరు తగిలించవచ్చు కదా అంటారేమో. లోతైన నీటిలో అదీ బాగానే పనిచేస్తుంది. కాని గిర్రున తిరిగేదానికి వలతాళ్లు, నాచు చుట్టుకుంటాయి. ఊగే రెక్క పూర్తి చుట్టు తిరగదు గనుక ఆ బెడద తక్కువ.

చిక్కులు లేకపోలేదు. పుట్టి గుండ్రనిది. ఒకే రెక్క ఊపితే అదీ అటూ ఇటూ తిరుగుతుంది. రెండు రెక్కలు ఎదురెదురుగా ఊగితే పక్క తోపులు చాలావరకు రద్దవుతాయి. చేతులతో పనిలేకుండా మలుపు తిప్పడమెలా? దీనికి జవాబు మీరే వెతకాలి.

వైజ్ఞానిక ప్రదర్శనల్లో ఏటా అవే అగ్నిపర్వతాలు పెడుతున్నాం. ఏటి ఒడ్డు సమస్య ఒక్కటైనా ఆ బల్లమీదికి రావద్దా? ఖరీదైన విదేశీ పరికరం తెప్పించనక్కరలేదు. పాత సైకిలు పెడళ్లు, టైరు ట్యూబు రబ్బరు చాలు, పని మొదలుపెట్టవచ్చు.

ముందుగా ట్యూబు ముక్కను ఒక అంచున పుల్లకు కట్టి, నీళ్ల తొట్టిలో పక్కలకు ఊపి చూడండి. చేతికి తోపు తెలుస్తుంది. ఏటిలోకి మాత్రం ఒంటరిగా దిగవద్దు. తరువాత మీ గురువుగారితో కలిసి జాలరి దగ్గరకు వెళ్లి, ఆయనకు ఏం కావాలో అడగండి. కొలతలు ఆ తరువాత వేద్దాం.