పెరిగిన జీతం ఎవరి ఇంటికి చేరుతున్నది?



వేతన ఒప్పందం కుదిరిన ప్రతిసారీ గేటు ముందు సభ పెట్టుకుంటాం. ఎన్ని రూపాయలు పెరిగాయో చెప్పుకొని చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళతాం. ఆ పెరిగిన డబ్బు మన ఇళ్లలో ఎన్నాళ్లు నిలుస్తున్నదన్న ప్రశ్నను మాత్రం ఏ సభలోనూ వేసుకోవడం లేదు. ఈ సంచికలో ఆ ప్రశ్నను మీ ముందు పెడుతున్నాం.

కావేరిపట్టణం చుట్టుపక్కల పల్లెల్లో బతుకు ఎలా నడుస్తుందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. వానను నమ్ముకున్న రాగి చేను. మామిడి కాలంలో రెండు మూడు నెలలు గుజ్జు ఫ్యాక్టరీ పని. మిగతా నెలల్లో బెంగళూరు కట్టడాల పని, లేకుంటే మిల్లు షిఫ్టు. ఇంట్లో ఒకరు మంచం పట్టినా, పెళ్లి కుదిరినా అప్పు తప్పదు. నూటికి పది వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చినవాడు నెలకు 1,000, ఏడాదికి 12,000 వడ్డీయే కడతాడు. అసలు 10,000 అలాగే ఉంటుంది. వేతన ఒప్పందంలో మనం పోరాడి తెచ్చిన పెంపు ఈ విధంగా వడ్డీ వ్యాపారి ఇంటికి నడిచిపోతున్నది.

అసలు తీరని ఇంట్లో మొదట ఆగేది ఆడపిల్ల చదువు. పదో తరగతి కాగానే ఆ పిల్లను పనికి పంపాలన్న మాట వస్తుంది. తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో ‘సుమంగళి’ పేరుతో నడిచిన పద్ధతి మీకు తెలుసు. మూడేళ్లు హాస్టల్లో ఉండి పనిచేస్తే చివరలో 30,000 నుంచి 50,000 రూపాయల దాకా ఒకే మొత్తంగా ఇస్తామని, పెళ్లి ఖర్చుకు పనికివస్తుందని చెప్పి ఏజెంట్లు మెట్ట పల్లెల్లో పిల్లలను పోగుచేశారు. జబ్బుపడి గడువుకు ముందే ఇంటికి తిరిగి వచ్చిన పిల్లలు ఎందరో ఆ మొత్తం దక్కక నష్టపోయారు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా కట్నం కోసం పిల్ల తన ఒళ్లు అరగదీసుకోవలసి వచ్చింది. తల్లిదండ్రుల అప్పు కూతురి షిఫ్టుగా మారింది. చదువు లేని ఆ పిల్లే రేపు తల్లి అవుతుంది, మళ్లీ అదే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతుంది.

ఇందులో మన సొంత ప్రయోజనం కూడా ఉన్నది. తక్కువ కూలికి, నోరు మెదపకుండా పనిచేసే పిల్లలు దొరికినంత కాలం యాజమాన్యం పర్మినెంటు సైడరును ఎందుకు పెట్టుకుంటుంది? అప్పుల్లో ఉన్న పల్లె మన బేరసారాల బలాన్ని కూడా తగ్గిస్తున్నది.

ఈ సంకెలను ఏ ఒక్క కుటుంబమూ ఒంటరిగా తెంచుకోలేదు. కష్టం వచ్చిన రోజున ఒకేసారి పదివేలు తీసే శక్తి కూలి కుటుంబానికి ఉండదు. కానీ ఇరవై కుటుంబాలు కలిస్తే ఉంటుంది. ఈ సంగతి రుజువైంది మన గడ్డ మీదే.

మన కృష్ణగిరి 2004 ఫిబ్రవరి వరకు ధర్మపురి జిల్లాలో భాగం. తమిళనాడు ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకం కింద స్వయం సహాయక సంఘాలు మొట్టమొదట ఏర్పడింది 1989లో, ఆ ధర్మపురి జిల్లాలోనే. అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయం చేసింది. మైరాడా సంస్థ పల్లెల్లో సంఘాలను కూర్చింది. ఇండియన్ బ్యాంకు అప్పులిచ్చింది. ఆ తరువాత ఆ పద్ధతి సేలం, దక్షిణ ఆర్కాటు వంటి జిల్లాలకు పాకింది. 1997-98 నుంచి ‘మగళిర్ తిట్టం’ పేరుతో రాష్ట్రమంతటా వ్యాపించింది. కరువు జిల్లా అని పేరుపడ్డ మన సీమ ఈ ఒక్క విషయంలో రాష్ట్రానికే దారి చూపింది.

ఆ సంఘాల పద్ధతి సులువైనది. పన్నెండు నుంచి ఇరవై మంది ఆడవాళ్లు కూడి, చిన్న మొత్తాలు జమచేసి, అందులోంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు. ఎవరికి ముందు ఇవ్వాలో వాళ్లే కూర్చొని తేలుస్తారు. లెక్క పుస్తకం అందరి ముందూ చదువుతారు. ఇరవై మంది నెలకు తలా 100 వేస్తే ఏడాదికి 24,000 అవుతుంది. అందులోంచి 10,000 నూటికి రెండు వడ్డీకి తీసుకుంటే నెలకు కట్టవలసింది 200, ఏడాదికి 2,400. వ్యాపారికి కట్టే 12,000తో పోల్చి చూడండి. ఒక ఇంటికి ఏడాదిలో 9,600 మిగులుతుంది. కట్టిన 2,400 కూడా సంఘం పెట్టెలోనే ఉంటుంది.

మన భాష మాట్లాడే నెల్లూరు జిల్లాలో మరో పాఠం ఉన్నది. 1992లో దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం తరగతుల్లో చదువుకుంటూ, తమ ఇంటి కూలి డబ్బు సారా దుకాణానికి ఎలా పోతున్నదో గ్రహించి ఎదురుతిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా అంటుకొని 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. నెల్లూరు ఆడవాళ్లు అక్కడితో ఆగలేదు. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు కట్టారు. ఓటి కుండకు ముందు చిల్లి పూడ్చి, తరువాత నీళ్లు పోశారు. మన మగ సభ్యులు ఈ మాటను కాస్త నిదానంగా ఆలోచించాలి. భార్య పేరు మీద సంఘం అప్పు తీసి, ఆ డబ్బు టాస్మాక్ దుకాణంలో పోసేవాడు యూనియన్ జెండా పట్టుకున్నా ప్రయోజనం లేదు.

హెచ్చరిక కూడా అవసరం. సంఘం అంటే అప్పు తెచ్చే గుంపు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఒకే ఇంటికి ఒకదాని మీద ఒకటి అప్పులిచ్చి, వారం వారం కిస్తీల కోసం ఇంటి ముందు కూర్చున్నాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. చివరకు 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. తమిళనాడు కూడా 2025లో బలవంతపు వసూళ్లను అరికట్టేందుకు చట్టం చేసింది. సొంత పొదుపు లేకుండా బయటి అప్పుతో మొదలయ్యే ‘గ్రూపు’ మనకు వద్దు. అందులో పక్కింటి అక్కే వసూలు ఏజెంటు అయిపోతుంది.

‘ఇది ఆడవాళ్ల వ్యవహారం, యూనియన్‌కు ఏం పని?’ అని కొందరు అంటారు. అహ్మదాబాదు జౌళి కార్మికుల యూనియన్ మహిళా విభాగం నుంచే 1972లో ఇలా భట్ నాయకత్వాన ‘సేవా’ సంఘం పుట్టింది. 1974లో 4,000 మంది పేద శ్రామిక మహిళలు తలా పది రూపాయల వాటా వేసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. మిల్లు కార్మికుల ఉద్యమానికి ఇది పరాయి పని ఎలా అవుతుంది?

‘పొదుపు చేసుకోండి, జీతం అడగకండి’ అని యాజమాన్యం అనవచ్చు. ఆ మాటకు మనం లొంగము. జీతం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. మన హక్కులు. వాటి కోసం పోరాటం ఒక చేత్తో సాగాలి. ఆ పోరాటంలో గెలిచింది ఇంటిలో నిలిచేలా చూసే పని రెండో చేత్తో సాగాలి. చేతిలో రెండు నెలల బియ్యం ఉన్న కార్మికుడే సమ్మెలో చివరిదాకా నిలబడగలడని మరువకండి.

కనుక సర్వసభ్య సమావేశం ముందు ఈ ప్రతిపాదనలు పెడుతున్నాం. సభ్యులుండే ప్రతి వీధిలో ఒక పొదుపు సంఘం ఏర్పడాలి. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఏది మాట్లాడేవారైనా, పర్మినెంటు, బదిలీ, కాంట్రాక్టు తేడా లేకుండా అందరి కుటుంబాలూ అందులో చేరాలి. చట్టప్రకారం బోనసు 8.33 శాతానికి తగ్గకూడదు. దీపావళికి ఆ డబ్బు చేతికి వచ్చిన రోజే ఒక వంతు సంఘంలో వేయాలి. అప్పు మొదట వైద్యానికి, చదువుకు ఇవ్వాలి. కట్నానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వరాదు. లెక్కలు నెలనెలా చదివి వినిపించాలి. పుస్తకం ఆడవాళ్ల చేతుల్లోనే ఉండాలి.

చివరిగా ఒక పని వెంటనే మొదలుకావాలి. ఏ పిల్ల చదువు మానిందన్న మాట వినిపించినా, ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లి కారణం అడగాలి. బస్సు చార్జీయా, ఫీజా, అప్పా తెలుసుకొని సంఘంలో పెట్టాలి. ప్రభుత్వ బడిలో చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లకు నెలకు 1,000 రూపాయలిచ్చే ‘పుదుమై పెణ్’ పథకం 2022లో మొదలైందని ఎన్నో ఇళ్లకు తెలియదు. దరఖాస్తు నింపడంలో మన చదువుకున్న యువకులు సాయపడాలి.

శాఖా కార్యదర్శులు సమావేశానికి ఒట్టి చేతులతో రాకండి. మీ వీధిలో ఈసారి పదో తరగతి పరీక్ష రాసే ఆడపిల్లల పేర్లు రాసుకొని రండి. ఆ జాబితాలో ఒక్క పేరు కూడా ఏజెంటు చేతికి పోకుండా చూడటం మన మొదటి పని.

– కార్యదర్శి