నారునకు నీరు తగ్గించుట క్రూరత్వమా?

గత సంవత్సరము మా పాఠశాల తోటలో నాటిన టమాటా నారు మూడు దినములలో సగమునకు పైగా వాడి చచ్చెను. దానిని పెంచిన బాలురు ఏ లోపమును చేసినవారు కారు. చింతచెట్టు నీడలో మడి కట్టి, రెండు పూటలను నీరు పోసి, లేతయాకులు నిగనిగలాడుచుండగా చూచి మురిసిరి. తప్పు మాది. వారి శ్రద్ధను మెచ్చుకొంటిమే గాని, నాటుటకు ముందు వారము దినములు నీరు తగ్గింపుడని చెప్పనైతిమి. ఈ సంవత్సరము ఆ మాట చెప్పగా, కొందఱు బాలురును ఒకరిద్దఱు తలిదండ్రులును "పసిమొక్కలను దప్పికతో మాడ్చుట యేమి న్యాయము?" అని యడిగిరి. న్యాయమే యని మా యభిప్రాయము.

ఆకు మీద క్యూటిన్ అను పదార్థముతోను మైనముతోను ఏర్పడిన పూత యొకటి గలదు. అనేక మొక్కలలో నిది వెండ్రుక మందములో పదియవ వంతైనను ఉండదు. అయినను పత్రరంధ్రములు మూసికొన్న పిమ్మట, ఆకులోని నీరు ఎండకు ఆవిరి కాకుండ కాచునది ముఖ్యముగా నిదియే. బూడిదగుమ్మడికి ఆ పేరు వచ్చినది మైనము వలననే. లేతకాయ మీద నూగుండును. ముదిరిన కొలది నూగు పోయి తెల్లని బూడిద పట్టును. అట్టి కాయ నెలల తరబడి చెడక యుండుట వడియములు పెట్టు తల్లులందఱును ఎఱిగినదే. జొన్నకాడ మీది తెల్లని పొడియు నట్టిదే. ఆ పొడి లేని జొన్న రకములు నీటిని త్వరగా కోల్పోవునని పరీక్షలలో తేలినది.

ఈ పూత యెంత యుండవలెనో నిర్ణయించు వానిలో హార్మోనులు ముఖ్యమైనవి. మన విద్యార్థులు ఆక్సిన్, జిబ్బరెల్లిన్ మొదలగు పేర్లను ఎక్కములవలె వల్లించి పరీక్షలో వ్రాసి మఱచిపోవుచున్నారు. వానిలో ఆబ్సిసిక్ ఆమ్లమొకటి. ఆకులు కాయలు రాలుటకు సంబంధించినదని దానికి ఆ పేరు పెట్టిరి గాని, రాల్చుపని ముఖ్యముగా ఎథిలీన్‌దని తరువాత తెలిసినది. నేల యెండినప్పుడు ఈ ఆమ్లము మొక్కలో పెరుగును. మొదట నిమిషములలో పత్రరంధ్రములను మూయించును. పిదప మెల్లగా, ఆకు పైపొరలోని కణములచేత మైనమును చేయించును. ఆవాల కుటుంబములోని అరబిడోప్సిస్ అను చిన్నమొక్కలో ఈ యాజ్ఞను మోయు ఎమ్‌వైబి 96 అను ప్రోటీనును గూర్చి కొరియా శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిరి. ఈ ఆమ్లమును చాలినంత చేసికొనలేని టమాటా మొక్కల ఆకులపై పూత పలుచనై యుండునని 2017లో వెల్లడియైనది. మా తోటలోని పంటయే గనుక ఈ సంగతి మాకు మఱింత రుచించినది.

పండ్ల విషయములో ఎథిలీన్‌కును పాత్ర గలదు. నిలువయుంచిన కొన్ని యాపిలు పండ్లు చేతికి జిడ్డుగా తగులుట చూచియుందురు. అది పండు పండుచు తానే చేసికొన్న మైనపు పదార్థము. ఎథిలీన్ పనిని అడ్డగించినచో ఆ జిడ్డు తగ్గును.

ఇక మా బాలుర నారు సంగతి. నీడయు, తేమయు, రెండు పూటల నీరును గల మడిలో మైనము కూర్చుకొమ్మని చెప్పువారెవరు? పెఱుకునప్పుడు వేళ్లు తెగుటయు నొక కారణమే, దానిని కాదనము. కాని ప్రయోగశాలలో సీసాలయందు పెంచిన అరటిపిలకల సంగతి చూడుడు. సీసాలోని తేమలో వాని ఆకులకు మైనము సరిగా పట్టదు. వానిని తిన్నగా పొలములో నాటినచో వాడిపోవును. అందుచేత కొన్ని వారములు నీడపందిరి క్రింద నుంచి క్రమముగా బయటిగాలికి అలవాటు చేయుదురు.

నీరు తగ్గింపుడనగా మాన్పుడని కాదు. దప్పిక మితిమీరినచో ఎదుగుదల ఆగును. మైనము చేయుటకును మొక్క తన యాహారమునే వెచ్చింపవలెను. మధ్యాహ్నము వ్రాలిన యాకు సాయంకాలమునకు తలయెత్తినచో భయము లేదు. ఎత్తకున్నచో వెంటనే నీరు పోయవలెను. ఈ తేడాను కనిపెట్టుట పుస్తకము చదివినంతమాత్రమున రాదు. సేద్యము చేయు తండ్రులు మాకంటె బాగుగ నేర్పగలరు.

ఈసారి రెండు మడులు కట్టించితిమి. ఒకదానికి నీరు తగ్గింపబడును. రెండవదానికి ఎప్పటివలెనే రెండు పూటలను పోయుదురు. రెంటిని ఒక్క దినముననే నాటించి, బ్రదికిన మొక్కలను పదునైదు దినముల వఱకు బాలురచేతనే లెక్కింపించెదము. లెక్కపుస్తకము సైన్సు గదిలో నుండును. న్యాయమడిగిన తలిదండ్రులు వచ్చి చూడగోరుచున్నాము.