ఆ తోట ఎవరిది?

కథ ముగిసిన వెంటనే "ఇందులోని నీతి ఏమి?" అని ప్రశ్నించడం మా ఉపాధ్యాయ వర్గానికి తరతరాలుగా అబ్బిన అలవాటు. నేను కూడా ఆ అలవాటుకు అతీతుడను కాను. తెలుగు పత్రాలు దిద్దేటప్పుడు "అసూయ అనర్థదాయకము", "అత్యాశ పనికిరాదు" అని ఒక వాక్యం కనిపిస్తే చాలు, మార్కులు వేసి పుట త్రిప్పుతాను. వ్రాసిన విద్యార్థికి ఆ వాక్యంతో సంబంధం లేదు. దిద్దిన ఉపాధ్యాయునికి అంతకన్నా లేదు. ఆలోచించి చూస్తే, అసూయ చెడ్డదని తెలియక చెడిపోయినవాడు లోకంలో ఎవడూ కనిపించడు. తెలిసిన ఆ నీతి తనకు కూడా వర్తిస్తుందని తోచక చెడిపోయినవారే అందరూ.

పవిత్ర గ్రంథాలలోని కథలను, ఉపమానాలను కూడా మనం ఇదే రీతిగా చదువుతున్నామని నా అభిప్రాయం. నీతిని పిండుకొని కథను పిప్పివలె పారవేస్తున్నాము. కాని ఆ కథలు మనకు నీతిని అందించి వెళ్ళిపోవడానికి వచ్చినవి కావు. మనలను తమలోనికి పిలిచి, "నీవు ఇక్కడ ఏ స్థానంలో నిలిచి ఉన్నావు?" అని అడగడానికి వచ్చినవి. ఈ విషయమై నాకు అనుభవంలోనికి వచ్చిన నాలుగు మాటలు మిత్రులైన విద్యార్థులతోను, పెద్దలైన కమిటీ సభ్యులతోను పంచుకోదలచాను.

దివ్య ఖుర్ఆన్‌లో ఉపమానాలకు కొదవ లేదు. దైవేతరులను ఆశ్రయించినవాని ఆధారం సాలెపురుగు గూడువంటిదని ఒకచోట, దైవమార్గంలో వెచ్చించిన ధనం ఏడు కంకులు వేసి, కంకికి నూరు గింజల చొప్పున పండే విత్తనంవంటిదని మరొకచోట వస్తుంది. దోమ అంతటి అల్పప్రాణిని ఉదాహరించడానికి కూడా దైవం సంకోచించడని గ్రంథమే చెప్పుకొన్నది. ఇక కథలలో మేలైన కథగా పేర్కొనబడినది 12వ సూరాలోని యూసుఫ్ ప్రవక్త వృత్తాంతం. ఆ సూరాలో 111 ఆయత్‌లు ఉన్నాయి. దాదాపు ఆ మొత్తం ఒకే కథగా నడుస్తుంది.

ఆ కథలో ఒక విశేషం గమనించదగినది. యూసుఫ్ పేరు ఉన్నది, తండ్రి యాఖూబ్ పేరు ఉన్నది. కాని యూసుఫ్‌ను బావిలో పడవేసిన అన్నల పేర్లు ఒక్కటీ లేవు. ఏ నగరమో, ఏ సంవత్సరమో చెప్పలేదు. చరిత్రకారునికి ఇది లోపంగా తోచవచ్చు. పాఠకునికి మాత్రం ఇది ఆహ్వానం. పేరు లేనిచోట మన పేరు వ్రాసుకొనే అవకాశం ఉన్నది.

కాని మనం అక్కడ మన పేరు వ్రాసుకొంటామా? ఒకసారి తరగతిలో ఈ కథ చెప్పి, "మీలో ఎవరెవరు ఏయే పాత్రలో మిమ్మల్ని చూసుకొన్నారు?" అని అడిగాను. అందరూ యూసుఫ్‌లే. ఒకరిద్దరు యాఖూబ్‌లు. అన్నలు ఒక్కరూ లేరు. నేను నవ్వబోయి ఆగిపోయాను. చిన్ననాటినుండి నేను కూడా ఆ కథలో యూసుఫ్‌నే కదా! అన్యాయానికి గురియై, చెరసాలలో మ్రగ్గి, చివరకు సింహాసనం సమీపించి అందరినీ క్షమించే ఆ స్థానం ఎంత సుఖమైనదో! బావిలో పడినవాడు ఒక్కడు, పడవేసినవారు పలువురు. అయినను లెక్క తారుమారై, చదివినవారందరూ బావిలోనే ఉంటారు. గట్టుమీద ఎవ్వరూ ఉండరు.

ఇందుకు విరుగుడు కూడా గ్రంథంలోనే ఉన్నది. 38వ సూరాలో దావూద్ ప్రవక్త ఏకాంతంగా ఉన్న సమయంలో ఇద్దరు వ్యాజ్యగాళ్ళు గోడ దాటి వస్తారు. తన సోదరునికి తొంభైతొమ్మిది గొర్రెలున్నాయని, తనకున్నది ఒకే ఒక్కటియని, దానిని కూడా అతడు అడిగి మాటలతో గెలుచుకొన్నాడని ఒకడు మొరపెట్టుకొంటాడు. దావూద్ తక్షణమే అది అన్యాయమని తీర్పు చెబుతాడు. చెప్పిన మరుక్షణమే, ఇది తనకు పెట్టిన పరీక్ష అని గ్రహించి సాగిలపడతాడు. ఆ పరీక్ష ఏమిటో గ్రంథం విప్పి చెప్పలేదు. వ్యాఖ్యాతలలో భిన్నాభిప్రాయాలున్నాయి. మన చర్చకు కావలసినది ఆ ఒక్క క్షణం. న్యాయపీఠంమీద కూర్చున్నవాడు హఠాత్తుగా తానే విచారింపబడుతున్నట్లు తెలుసుకొన్న క్షణమది. కథ చదవడం అంటే ఆ క్షణం వరకు చదవడం. అంతకు ముందే పుస్తకం మూసినవాడు తీర్పరిగానే మిగిలిపోతాడు.

ఇది ఒక మతగ్రంథానికే పరిమితమైన ధర్మం కాదు. మన కళాశాలలో అన్ని మతాల విద్యార్థులూ ఉన్నారు కనుక చెబుతున్నాను. తన పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్రజ్ఞుడు ప్రశ్నిస్తే, ఏసుక్రీస్తు మంచి సమరయుని కథ చెప్పి, ఆ ముగ్గురిలో పొరుగువాడైనదెవడని తిరిగి అతనినే ప్రశ్నించాడు. భారతంలో ధర్మరాజు అశ్వమేధం ముగించి అందరి ప్రశంసలు అందుకొంటున్న వేళ, సగం దేహం బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, పిడికెడు పేలపిండిని అతిథికి పెట్టి తాము పస్తున్న పేద కుటుంబపు దానానికి ఈ యాగం సాటి రాదని తేల్చి చెప్పింది. అడిగినవానిపైకే ప్రశ్న మరలడం, పొగడ్త వినవచ్చినవానికి పరీక్ష ఎదురుకావడం ఈ కథలన్నింటి స్వభావం.

ఇంతవరకు చెప్పినది పుస్తకజ్ఞానం. ఇకమీద చెప్పబోయేది నా సొంత కథ.

కృష్ణ కాలువ క్రింద మాకు కొద్దిపాటి మాగాణి ఉన్నది. మా దాదీమా కాలంలో వరి కోసి పనలు మోసిన తరువాత రెండు రోజులపాటు చేలోనికి మేకలను తోలనిచ్చేవారు కారు. ఊరిలోని పేద స్త్రీలు వచ్చి పరిగె ఏరుకొనడానికి ఆ రెండు రోజులు. వారిలో ఒక అవ్వ ఏటేటా వచ్చేది. రంజాన్ రాత్రులలో దాదీమా మాకు చెప్పే కథలలో ఒకటి తోటవారి కథ. ఖుర్ఆన్ 68వ సూరాలో వస్తుంది. కొందరు అన్నదమ్ములకు ఒక తోట ఉన్నది. వారి తండ్రి పేదలకు భాగం పెట్టేవాడని వ్యాఖ్యాతలు చెబుతారు. కొడుకులు మాత్రం తెల్లవారగానే పంట కోసుకొని రావాలని ప్రమాణం చేసుకొంటారు. ఒక్క పేదవాడు కూడా లోనికి రాకూడదని గుసగుసలాడుకొంటూ బయలుదేరుతారు. వెళ్ళి చూస్తే తోట రాత్రికి రాత్రే నల్లబడి నాశనమై ఉంటుంది. మొదట దారి తప్పామనుకొంటారు. పిదప తామే భాగ్యహీనులమైనామని తెలుసుకొంటారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఆ అన్నదమ్ములపై ఎంత కోపం వచ్చేదో చెప్పలేను.

అబ్బాజాన్ గతించిన తరువాత వ్యవసాయం మా అన్న చూసుకొంటున్నాడు. నేను ఎం.ఏ. చదివి పట్టణం చేరాను. కూలీలు దొరకడం లేదని, ఖర్చులు పెరిగాయని, యంత్రంతో కోయిద్దామని అన్న ఒక సంవత్సరం అడిగాడు. సరే అన్నాను. అందులో తప్పేమీ లేదు. అయితే గడ్డి కొనేవాడు, చేలో జనం తొక్కితే ధర తగ్గిస్తానన్నాడట. అప్పుడు నేను ఫోనులో అన్న మాట ఇప్పటికీ నా చెవులలో ఉన్నది. "తెల్లవారుజామునే యంత్రం దింపించు, జనం చేరకముందే పని అయిపోతుంది" అన్నాను. ఆ పని అలాగే అయిపోయింది. ధాన్యానికి మంచి ధర వచ్చింది. గడ్డికి కూడా వచ్చింది.

కొన్ని వారాల తరువాత ఒక శుక్రవారం తెలుగు అనువాదంలో 68వ సూరా చదువుతూ ఆ గుసగుసల దగ్గరకు వచ్చాను. ఆ మాటలు ఎక్కడో విన్నట్లు తోచింది. విన్నది మరెక్కడో కాదు, నా నోటినుండే. చిన్నప్పుడు నేను కోపగించుకొన్న ఆ అన్నదమ్ములలో నేను ఒకడినని గుర్తుపట్టడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఇంకొక సంగతి నన్ను మరింత కలవరపరచింది. వారి తోట నాశనమైంది, మా చేను నాశనం కాలేదు. తోట కాలిపోయినవారు వెంటనే తమ దోషం ఒప్పుకొని దైవంవైపు మరలారు. పంట ఇంటికి చేరిన నాకు ఎవరు చెబుతారు? వారికి కలిగిన ఆ నష్టమే వారికి లభించిన అనుగ్రహమేమో అనిపించింది.

మరుసటి పంటకు ఊరికి వెళ్ళి అన్నతో మాట్లాడాను. అన్న నవ్వి, "పుస్తకాలు చదివేవాడికి అన్నీ అనుమానాలే తమ్ముడూ" అన్నాడు గాని కాదనలేదు. మడి మూలలు ఎలాగూ యంత్రానికి అందవు. వాటిని కోయకుండా వదిలివేసి, గడ్డి కట్టేముందు రెండు రోజులు ఆగుదామని నిర్ణయించాము. అప్పటికి అవ్వ మంచం పట్టి ఉన్నది. ఒక బస్తా బియ్యం తీసుకొని ఆమె ఇంటికి వెళ్ళాను. నా మనస్సులో ఋణం తీర్చుకొంటున్న సంతృప్తి. అవ్వ బస్తావైపు చూసి మెల్లగా అన్నది: "పరిగె ఏరుకొంటే అది నాది చిన్న సాయిబూ. ఇది నువ్వు పెట్టింది."

ఆమె బియ్యం తీసుకొన్నది. నన్ను నిందించలేదు. కాని ఆ ఒక్క మాటతో నేను సగమే చదివిన కథను ఆమె పూర్తి చేసింది. విశ్వాసుల సంపదలో యాచకునికి, వంచితునికి హక్కు ఉన్నదని ఖుర్ఆన్ చెబుతుంది. పంట కోసిన దినముననే దాని హక్కు చెల్లించమంటుంది. దయ అనలేదు, హక్కు అన్నది. మనం తెలుగులో నిత్యం వాడే ఈ హక్కు అన్న మాట అరబీనుండి వచ్చినదే. అక్కడ దానికి సత్యమనే అర్థం కూడా ఉన్నది. ఎం.ఏ. పట్టా ఉన్న నాకు ఆ మాట వ్యుత్పత్తి తెలుసు. అక్షరం రాని అవ్వకు దాని అర్థం తెలుసు. తోటవారి కథ చదివి, దానధర్మాలు చేయాలని నీతి వ్రాసి ఉంటే నాకు మార్కులన్నీ వచ్చేవి. ఆ తోట పూర్తిగా తమదేనని భావించడమే వారి మొదటి పొరపాటు అన్న సంగతి మాత్రం నాకు అందేది కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రతివాడూ గ్రంథంలో తన అర్థం తాను వెదుక్కొంటే, ఎవరికి తోచినది వారు చెప్పి గ్రంథాన్నే వక్రీకరించరా? ఈ భయం నిరాధారమైనది కాదు. విధినిషేధాల విషయంలో పండితులను అడిగి తెలుసుకొనవలసిందే. నాలుగు అనువాదాలు చదివి ఫత్వాలు ఇవ్వడం అవివేకం. కాని నేను చెప్పేది శాస్త్రనిర్ణయం గూర్చి కాదు, అంతరాత్మ గూర్చి. నా తరపున పండితుడు శాస్త్రం చెప్పగలడు గాని నా తరపున సిగ్గుపడలేడు. అయినను వక్రమార్గం పట్టకుండా ఒక చిన్న కొలత పెట్టుకొనవచ్చు. కథలో మనకు దొరికిన అర్థం మనవద్దనుండి ఏదైనా కోరుతున్నదా, లేక ఎదుటివానిని దూషించడానికి ఆయుధం ఇస్తున్నదా? రెండవదైతే దానిని అనుమానించాలి. నా అన్నను మందలించడానికి ఆ కథను వాడుకొని ఉంటే అది నాకు చెందిన అర్థం అయ్యేది కాదు. ఫోనులో ఆ మాట అన్నవాడను నేను.

మరొక సంగతి భాషను గూర్చినది. అరబీలో పారాయణం చేయడం మనకు పుణ్యప్రదం, ఆ నాదం మన ఇళ్ళకు శోభ. కాని పారాయణం నాలుకవద్దనే ఆగిపోతే కథ మనలను ప్రశ్నించలేదు. కల నిద్రలో వచ్చే భాషలోనే కథ కూడా మనస్సును తాకుతుంది. కొందరికి అది ఉర్దూ, నాబోటివారికి తెలుగు. 20వ శతాబ్ది పూర్వార్ధంలోనే చిలుకూరి నారాయణరావుగారు ఖుర్ఆన్‌ను తెలుగులోనికి అనువదించారు. ముస్లిమేతరుడైన ఒక భాషాశాస్త్రజ్ఞుడు మన గ్రంథం మన భాషలో ఉండాలని అంత శ్రమపడగా, మనం దానిని మన భాషలో చదవడానికి బద్ధకించడం భావ్యం కాదు.

చివరిగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఖిరాఅత్ పోటీలు, వక్తృత్వ పోటీలు మనం నిర్వహిస్తూనే ఉన్నాము. వాటితోపాటు నెలకు ఒక గంట, ఏదో ఒక గ్రంథకథను ఉర్దూలోను, తెలుగులోను చదివించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. బహుమతులు వద్దు, మార్కులు వద్దు. అన్ని మతాల విద్యార్థులూ రావచ్చు. కథ ముగిసిన తరువాత అడిగే ప్రశ్న ఒక్కటే ఉండాలి: "ఈ కథలో నీవెక్కడ ఉన్నావు?" జవాబు పైకి చెప్పనవసరం లేదు. మౌనంగా లేచి వెళ్ళినవారిని కూడా హాజరైనట్లే లెక్కించాలి.

విద్యార్థి మిత్రులారా! మీకు నావలె ముప్పై ఏళ్ళు పట్టకూడదని నా కోరిక. ఈసారి యూసుఫ్ కథ చదివేటప్పుడు బావిలోనికి తొందరపడి దిగకండి. ఒక్క నిమిషం గట్టుమీద నిలబడి, ప్రక్కన ఉన్నవారి ముఖాలు చూడండి. వారిలో ఎవరైనా మీకు తెలిసినవారివలె కనిపించవచ్చు. తోటవారి కథ వచ్చినప్పుడు మాత్రం, ఆ తోట ఎవరిదని ఒకసారి అడిగి చూడండి. ఆ ప్రశ్నకు సరియైన జవాబు నాకు చెప్పిన అవ్వ ఈనాడు లేదు. మా మడి మూలలలో ఆమె మనుమరాలు పరిగె ఏరుకొంటున్నది.