మోత బలం కాదు

కపిలేశ్వరపురంలో గౌతమీ గట్టు మీద పాత బుల్లెట్టు ఒకటి పోతే దాని మోత దూరానికి వినిపిస్తుంది. తండ్రుల నాటి వాహనాన్ని కాపాడుకోవడం మాకూ ముచ్చటే. తుప్పు పట్టిన సైలెన్సరు తీసి సరియైన కొత్తది బిగించుకోవడంలో దోషం లేదు. కాని లోపల అరలు లేని ఉత్త గొట్టం బిగించి, మోత పెరిగింది గనుక బలమూ పెరిగిందనుకోవడం భ్రమ.

మైసూరులో 1996 దాకా తయారైన పాత ఎజ్డీనే చూడండి. అటువంటి టూ స్ట్రోక్ ఇంజనులో కొంత తాజా ఇంధనం పొగతోపాటే జారిపోతుంది. తగిన కొలతలుగల గొట్టంలో వెనుకకు మరలిన పీడన తరంగం దానిని తిరిగి సిలిండరులోనికి నెడుతుంది. కొలత చెడితే పెట్రోలు వృథా, లాగుడు తక్కువ.

ప్రతి మోటారు వాహనానికి సైలెన్సరు ఉండాలని 1989 నాటి కేంద్ర నిబంధనలు శాసిస్తున్నాయి. విద్యాలయాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చునని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి.

విద్యార్థులారా! ఆ మోతకు పాఠం ఆగిన ప్రతిసారీ నష్టపోయేది వెనుక బల్ల మీది మీ సహాధ్యాయియే. అటువంటి బండిని కళాశాల ద్వారం దాటనీయరాదని కమిటీవారికి మా విన్నపం.